అర్ధరాత్రి టిప్పర్ లెక్క

సిగరెట్ పీక నేల మీద పడేసే మనిషి ఆ క్షణంలో పెద్దగా ఏమీ ఆలోచించడు. చెయ్యి ఖాళీ అయితే చాలు అతనికి. అర్ధరాత్రి ఊరి చివర హెడ్‌లైట్లు ఆర్పేసి, టిప్పర్‌ని వెనక్కి పోనిచ్చి, కూల్చిన ఇంటి ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, పగిలిన రేకులు కాలువ గట్టున దించేసి వెళ్ళిపోయే మనిషి సంగతి వేరు. అతను అన్నీ లెక్క వేసుకునే వచ్చాడు. డంపింగ్ యార్డు ఎంత దూరం, అక్కడ టన్నుకి ఎంత కట్టాలి, ఈ దారిలో రాత్రిపూట ఎవరైనా తిరుగుతారా, ఒకవేళ దొరికితే జరిమానా ఎంత.

పైకి చూస్తే ఇద్దరూ చేసింది ఒకటే. చెత్త వేయకూడని చోట వేశారు. అందుకే చాలాచోట్ల ప్రభుత్వాలు కూడా ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తాయి. అవే హెచ్చరిక బోర్డులు, అదే పరిశుభ్రత ప్రచారం, అదే జరిమానా పుస్తకం. దశాబ్దాలుగా ఇంత ఖర్చు పెడుతున్నా చెత్త సమస్య ఎందుకు తెగదని అడిగితే నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. మొదటివాడిది అలవాటు, రెండోవాడిది వ్యాపారం. ఒకరికి రాసిన మందు ఇంకొకరికి పోస్తే జబ్బు తగ్గదు.

అలవాటుతో మొదలుపెడదాం, అది కాస్త తేలిక.

చొక్కా, గోడ, సీసా

చెత్తకి జరిమానా అనగానే అందరి నోటా వచ్చే పేరు సింగపూర్. 1968లోనే అక్కడి ప్రభుత్వం దేశమంతటా పరిశుభ్రతా ఉద్యమం నడిపింది. ఇవాళ అక్కడ చెత్త పారేసి కోర్టుదాకా వెళ్తే మొదటిసారి 2 వేల సింగపూర్ డాలర్ల వరకు, మూడోసారి నుంచి 10 వేల వరకు జరిమానా పడొచ్చు. కానీ అక్కడ నాకు ఆసక్తిగా అనిపించేది డబ్బు కాదు, చొక్కా. 1992 నుంచి పదే పదే పట్టుబడేవాళ్ళకి ఇంకో శిక్ష కూడా వేస్తున్నారు. దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపించే రంగు చొక్కా వేసుకుని, నలుగురూ చూస్తుండగా బహిరంగ స్థలంలో చెత్త ఏరాలి. డబ్బున్నవాడికి జరిమానా అంటే పార్కింగ్ ఫీజు లాంటిది, కట్టేసి మర్చిపోతాడు. తెలిసినవాళ్ళు చూస్తుంటే చీపురు పట్టుకోవడం అంత తొందరగా మర్చిపోలేడు. రోజూ ఒకరు బతుకుతెరువు కోసం చేసే పనిని ఇంకొకరికి అవమానంగా వేయడం బాగుందా అంటే, నాకైతే అది ఇబ్బందిగానే ఉంటుంది. పనిచేస్తుంది అన్నది మాత్రం ఒప్పుకోవాలి.

జరిమానాతో అసలు చిక్కు ఇంకోటి ఉంది. చట్టంలో అంకె ఎంత పెద్దదైనా, దొరకను అనుకున్నవాడికి అది వర్తించదు. పీక పడేయడానికి ఒక్క సెకను చాలు. ప్రతి మూలా ఒక ఉద్యోగిని నిలబెట్టడం ఎవరివల్లా కాదు. అందుకని ప్రభుత్వాలు ఏం చేస్తాయంటే, తేలికైన పని చేస్తాయి: జరిమానా పెంచుతాయి. దానికి ఒక సంతకం చాలు, సిబ్బందిని పెంచాలంటే బడ్జెట్ కావాలి మరి. 2017లో కెన్యా ప్లాస్టిక్ సంచులను నిషేధించినప్పుడు గరిష్ఠ శిక్ష 40 లక్షల షిల్లింగుల జరిమానా లేదా నాలుగేళ్ళ జైలు అని పెట్టింది. అలాంటి అంకె పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది. వీధిలో పనిచేసేది మాత్రం చిన్నదైనా సరే, ఖాయంగా పడే జరిమానా.

అలవాటు మీద చేసిన ప్రయోగాల్లో నాకు బాగా గుర్తుండిపోయింది నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో జరిగింది. 2008లో ప్రచురితమైంది. జనం సైకిళ్ళు నిలుపుకునే ఒక సందు. పరిశోధకులు ప్రతి సైకిల్ హ్యాండిల్‌కీ ఒక కరపత్రం తగిలించారు. దాన్ని తీస్తేగానీ సైకిల్ సరిగ్గా తొక్కలేరు. దగ్గర్లో చెత్తకుండీ లేదు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది ఆ కాగితాన్ని అక్కడే పడేసి పోయారు. అదే గోడ మీద పిచ్చిరాతలు రాయించి మళ్ళీ చూస్తే 69 శాతం మంది పడేశారు. కాగితం అదే, సందు అదే, కుండీ అప్పుడూ లేదు ఇప్పుడూ లేదు. గోడ మారిందంతే.

వీధులు ఊడ్చేవాళ్ళని అడిగితే ఈ మాట ప్రయోగం లేకుండానే చెబుతారు. కుప్ప ఉన్నచోటే కుప్ప పెరుగుతుంది. ఖాళీ స్థలంలో మొదటి సంచి పడగానే గంటల్లో తీసేస్తే రెండోది పడే అవకాశం తక్కువ. వారం ఆగితే ఆ మూల ఊరందరి లెక్కలో డంపింగ్ యార్డు అయిపోతుంది. అంటే తొందరగా ఊడవడం కేవలం శుభ్రం చేయడం కాదు, నివారణ కూడా. బడ్జెట్‌లో మాత్రం ఇది ఎప్పుడూ ఖర్చు పద్దులోనే కనిపిస్తుంది కాబట్టి మొదట కోత పడేదీ దీని మీదే.

కుండీలు ఎక్కువ పెడితే సరిపోదా? కొన్నిచోట్ల సరిపోతుంది, కొన్నిచోట్ల లేదు. 1995లో టోక్యో సబ్‌వేలో సారిన్ విషవాయువు దాడి జరిగాక జపాన్‌లో భద్రత కోసం స్టేషన్లలో, బహిరంగ స్థలాల్లో చాలా కుండీలు తీసేశారు. వీధులు చెత్తకుప్పలేమీ కాలేదు, జనం తమ చెత్త తాము ఇంటికి పట్టుకుపోయారు. అది అన్నిచోట్లా జరుగుతుందని కాదు. పొంగిపొర్లే కుండీ ఒకటి మధ్యలో ఉంటే మాత్రం, ఇక్కడ కింద వేసినా ఎవరూ ఏమీ అనరని అదే అందరికీ చెబుతున్నట్టుంటుంది.

ఇక ప్రచారం. 'మన ఊరిని శుభ్రంగా ఉంచుకుందాం' అనే రకం నినాదం చదివేది ఎవరంటే, ముందునుంచీ చెత్త వేయనివాళ్ళు. 1980లలో అమెరికాలోని టెక్సాస్ రవాణా శాఖకి ఈ సంగతి అర్థమైంది. రోడ్ల మీద చెత్త విసిరేది ఎక్కువగా ఎవరా అని చూస్తే, పికప్ ట్రక్కుల్లో తిరిగే కుర్రాళ్ళని తేలింది. వాళ్ళకి 'దయచేసి' అంటే ఎక్కదు. అందుకని 1986లో 'టెక్సాస్‌తో పెట్టుకోవద్దు' అనే అర్థం వచ్చే నినాదం తెచ్చారు. అందులో చెత్త మాటే లేదు, రాష్ట్రం పరువు మాత్రమే ఉంది. 1990 నాటికి అక్కడి రహదారుల మీద చెత్త 72 శాతం తగ్గిందని ఆ శాఖ లెక్క. ఎవరితో మాట్లాడుతున్నామో తెలిస్తే ప్రచారానికీ పదును ఉంటుంది.

ఇన్నిటిలో నాకు అన్నిటికన్నా నచ్చేది డిపాజిట్. సీసా కొన్నప్పుడు కొంత అదనంగా కడతారు, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. అమెరికాలో దీన్ని చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఒరెగాన్, 1971లో. జర్మనీలో 2003 నుంచి ఒకసారి వాడి పారేసే సీసాలకి, డబ్బాలకి 25 సెంట్లు. 95 శాతానికి పైగా తిరిగొస్తున్నాయి. నార్వే ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ తయారీదారుల మీద పర్యావరణ పన్ను ఉంది. సీసాలు ఎంత ఎక్కువ శాతం వెనక్కి వస్తే పన్ను అంత తగ్గుతుంది, 95 శాతం దాటితే సున్నా. దాంతో సీసాలు పోగుచేసే బాధ్యత కంపెనీలే మోస్తున్నాయి. ఈ పద్ధతి అందం ఏమిటంటే, దీనికి పోలీసు అక్కర్లేదు. ఒకడు బద్ధకించి పడేసినా ఇంకొకడు ఏరుకుని డబ్బు చేసుకుంటాడు. నేల మీద పడ్డది చెత్త కాదు, చిల్లర.

ఐర్లాండ్ 2002లో ప్లాస్టిక్ సంచి మీద వేసిన 15 సెంట్ల పన్ను కూడా ఇలాంటిదే. సంచుల వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. 15 సెంట్లకి ఎవరూ పేదవాళ్ళయిపోరు. కౌంటర్ దగ్గర 'సంచి కావాలా' అని అడగడం, అవునో కాదో చెప్పాల్సి రావడం, అదే అలవాటుని విరిచింది.

సిగరెట్ పీకకి మాత్రం డిపాజిట్ పెట్టడం కష్టం. దాన్ని దూది అనుకుంటారు గానీ ఫిల్టర్ సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్. వానకి కరిగిపోయేది కాదు. అందుకే యూరోపియన్ యూనియన్ 2019 నాటి ఆదేశంలో వేరే దారి పట్టింది: పీకలు ఊడ్చే ఖర్చు పొగాకు కంపెనీలు భరించాలి.

మంచి ఉద్దేశమే, కానీ

ఇప్పుడు టిప్పర్ దగ్గరికి వద్దాం. ఇక్కడ ప్రభుత్వం తనకి తెలియకుండానే తన కాళ్ళకి తనే అడ్డుపడుతుంది.

చెత్త తగ్గాలంటే దానికి ధర పెట్టాలి అన్నది ఆర్థికవేత్తలు చెప్పే మాట. ఎంత వేస్తే అంత కట్టు. చూడ్డానికి న్యాయంగానే ఉంది. 1992లో అమెరికాలోని చార్లెట్స్‌విల్ అనే ఊళ్ళో చెత్త సంచికి 80 సెంట్లు వసూలు చేయడం మొదలుపెట్టారు. ఇద్దరు ఆర్థికవేత్తలు 75 ఇళ్ళ చెత్తని ఆ పద్ధతి రాకముందు, వచ్చాక కూడా తూచి చూశారు. సంచుల లెక్కన చూస్తే చెత్త 37 శాతం తగ్గింది. ఊరికి పండగే. తూకం మాత్రం 14 శాతమే తగ్గింది. అంటే ఏం జరిగింది? జనం చెత్తని కాలితో తొక్కి, కూరి, అదే సంచిలో ఎక్కువ పట్టించారు. ఇంకో సంగతి కూడా తేలింది. ఇళ్ళ ముందు కనిపించకుండా పోయిన చెత్తలో 28 శాతం దాకా దొంగచాటుగా వేరేచోట పడి ఉండవచ్చని వాళ్ళ అంచనా.

దక్షిణ కొరియా 1995లో ఇదే పద్ధతిని దేశమంతటా పెట్టింది. ప్రభుత్వం అమ్మే సంచుల్లోనే చెత్త వేయాలి. ఇళ్ళ చెత్త బాగా తగ్గింది, రీసైక్లింగ్ పెరిగింది. దాంతోపాటే సంచి కొనకుండా ఎక్కడో వదిలేసేవాళ్ళూ తయారయ్యారు. వాళ్ళని పట్టించినవారికి బహుమతులు ఇవ్వాల్సి వచ్చింది. ధర పెట్టిన మరుక్షణం దొంగదారి కూడా తెరుచుకుంటుందన్నమాట. ధర తప్పని కాదు, దాని పక్కనే కాపలా కూడా పెట్టాలి.

దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ బ్రిటన్. 1996లో అక్కడ చెత్తని భూమిలో పూడ్చడం మీద పన్ను తెచ్చారు. మొదట టన్నుకి 7 పౌండ్లు. పూడ్చడం ఖరీదైతే రీసైక్లింగ్ వైపు మళ్ళుతారని ఆలోచన. మళ్ళారు కూడా. ఏటేటా పెంచుకుంటూ పోయి 2025 ఏప్రిల్ నాటికి దాన్ని 126 పౌండ్లు దాటించారు. మట్టి, రాళ్ళు, ఇటుకల్లాంటి కుళ్ళని వాటికి మాత్రం తక్కువ రేటు, అప్పటికి 4 పౌండ్ల చిల్లర.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీ చూడండి. టన్నుకి 122 పౌండ్లు. ఇరవై టన్నుల లారీలో ఇంటి చెత్త, ప్లాస్టిక్, కుళ్ళిన కలప అన్నీ నింపి, పైన కాస్త మట్టి పరిచి, చీటీ మీద 'మట్టి' అని రాయిస్తే ఒక్క ట్రిప్పుకి 2,400 పౌండ్లు మిగులు. అసలు యార్డుకే వెళ్ళకుండా ఎవరి పొలంలోనో దించేస్తే ఇంకా ఎక్కువ. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థకి అప్పట్లో అధిపతిగా ఉన్న జేమ్స్ బెవన్ చెత్త నేరాన్ని కొత్త మాదకద్రవ్యాల వ్యాపారంతో పోల్చింది ఊరికే కాదు. లాభం అలాంటిది, రిస్కు మాత్రం చాలా తక్కువ.

కాబట్టి టిప్పర్ డ్రైవర్ వెనక ఉన్న కాంట్రాక్టర్ లెక్క ఇలా నడుస్తుంది: సరైన చోట వేస్తే ఇంత ఖర్చు. దొంగతనంగా వేస్తే డీజిల్ ఖర్చు, దానికి తోడు నూటికి ఏ ఒక్కసారో పడే జరిమానా. రెండో మొత్తం చిన్నదిగా ఉన్నంతకాలం, ఎన్ని బోర్డులు పెట్టినా అతను వాటి కిందే దించుతాడు.

చెత్తలో దొరికే కవరు

పట్టుకోవడం అంత కష్టమా? ఒక దృశ్యం ఊహించండి. రోడ్డు పక్కన ఎనిమిది నల్ల సంచులు. మున్సిపాలిటీ ఉద్యోగి చేతికి దళసరి గ్లవ్స్ వేసుకుని ఒక్కొక్కటీ విప్పుతుంది. తడిసిన కాగితాలు, పగిలిన గాజు, మందుల డబ్బాలు. ఆమె వెతికేది ఒక్కటే, పేరు. కరెంటు బిల్లు, కొరియర్ కవరు, మందుల చీటీ, ఏదో ఒకటి. దొరికితే ఫొటో తీసి ఆ చిరునామాకి వెళ్తుంది. తలుపు తీసిన మనిషి నిజంగానే ఆశ్చర్యపోతాడు. 'నేను వేయలేదండీ, చెత్త తీసుకెళ్తానని ఎవరో వస్తే డబ్బులిచ్చి పంపాను' అంటాడు. చాలాసార్లు అది నిజమే. వేసిన అసలు మనిషి పేరు ఆ సంచిలో ఉండదు.

ఇంగ్లండ్‌లో స్థానిక ప్రభుత్వాలు 2023-24లో ఇలాంటి దొంగ డంపింగ్ ఘటనలు 11 లక్షల 50 వేల దాకా నమోదు చేశాయి. వాటిలో 60 శాతం ఇళ్ళ నుంచి వచ్చిన చెత్తే. అక్కడి చట్టం ప్రకారం చెత్త ఎవరి చేతికి ఇస్తున్నారో, వాళ్ళకి లైసెన్సు ఉందో లేదో చూసుకోవాల్సింది ఇంటివాళ్ళే. చూసుకోకపోతే వాళ్ళకీ జరిమానా. వినడానికి కఠినంగా ఉన్నా దాని వెనక తర్కం ఉంది. లారీవాడు దొరకడు, ఇల్లు ఎక్కడికీ పోదు.

సీసీ కెమెరాలు పెడతారు. ఉపయోగం ఉంది, కానీ కెమెరా ఉన్న మలుపు నుంచి చెత్త కెమెరా లేని మలుపుకి జరుగుతుంది. నంబర్ ప్లేటు మీద బురద పూసి వచ్చేవాళ్ళకి కెమెరా పెద్ద అడ్డేమీ కాదు. ఇంతకన్నా గట్టి ఆయుధం బండిని స్వాధీనం చేసుకోవడం అని నా అభిప్రాయం. జరిమానాని ఖర్చులో కలుపుకోవచ్చు, లారీనే పోతే లెక్క మొత్తం తారుమారవుతుంది.

పెద్ద ఎత్తున జరిగే చెత్త రవాణాకి ఇంకో మందు కాగితం. అమెరికా 1976లో చేసిన చట్టంతో ప్రమాదకర వ్యర్థాలకి పుట్టుక నుంచి పూడ్చేదాకా ఒక పత్రం వెంట నడవాలి. ఫ్యాక్టరీ సంతకం, లారీ సంతకం, చివర దించుకున్న యార్డు సంతకం. ఆఖరి సంతకం పడిన పత్రం కాపీ ఫ్యాక్టరీకి తిరిగి రావాలి. రాకపోతే దారిలో సరుకు మాయమైనట్టే, ఫ్యాక్టరీయే ఆ సంగతి అధికారులకి చెప్పాలి. 2018 నుంచి ఇది ఆన్‌లైన్‌లోనూ నడుస్తోంది.

కాగితం సరిగ్గా ఉన్నా మోసం జరగదని కాదు. దక్షిణ కొరియాలోని ఉయిసాంగ్ అనే గ్రామీణ ప్రాంతంలో ఒక రీసైక్లింగ్ కంపెనీకి సుమారు 2 వేల టన్నులు నిల్వ చేసుకోవడానికి అనుమతి ఉంది. 2019లో అది ప్రపంచానికి తెలిసేనాటికి అక్కడ లక్షా 70 వేల టన్నుల కొండ లేచి ఉంది. లోపల వేడి పుట్టి మంటలు రేగుతున్నాయి. లైసెన్సు ఉంది, బోర్డు ఉంది, చెత్త తీసుకున్నందుకు డబ్బు ముందే జేబులో పడింది. శుద్ధి చేయడమే మిగిలిపోయింది. ఈ వ్యాపారంలోని అసలు కిటుకు ఇక్కడే ఉంది. మామూలు వ్యాపారి సరుకు ఇచ్చాక డబ్బు తీసుకుంటాడు. చెత్త వ్యాపారి డబ్బు, సరుకు రెండూ ముందే తీసుకుంటాడు. ఆ తర్వాత ఏమీ చేయకపోవడమే అతనికి లాభం. 2018 నుంచి చైనా చాలా రకాల విదేశీ చెత్త దిగుమతిని ఆపేయడంతో చాలా దేశాల్లో ఇలాంటి గోదాములు నిండిపోయాయి. ఉయిసాంగ్ కొండని చివరికి 2021 నాటికి ప్రజల డబ్బుతోనే కరిగించారు. అందుకే లైసెన్సు ఇచ్చే ముందే శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చుకి సరిపడా హామీ సొమ్ము కట్టించుకోవాలి, అదీ అనుమతి ఇచ్చిన టన్నులకి కాదు, ఆ స్థలంలో పట్టగల టన్నులకి.

ఇంకా ముదిరితే ఎలా ఉంటుందో ఇటలీ చూపించింది. నేపుల్స్, కసెర్టా మధ్య ప్రాంతానికి 'మంటల నేల' అని పేరు వచ్చింది. ఉత్తరాది ఫ్యాక్టరీల విష వ్యర్థాలని చవగ్గా వదిలిస్తామని కమోరా ముఠాలు తెచ్చి పొలాల్లో పూడ్చాయి, తగలబెట్టాయి. ముఠా నుంచి బయటికొచ్చిన ఒకతను 1997లోనే పార్లమెంటు సంఘం ముందు ఇదంతా చెప్పాడు. ఆ వాంగ్మూలం జనానికి అందింది 2013లో. పర్యావరణ నేరాలని శిక్షాస్మృతిలో ప్రత్యేక అధ్యాయంగా చేర్చింది 2015లో. 2025 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం, ఇటలీ ఆ ప్రాంత ప్రజల జీవించే హక్కునే కాపాడలేకపోయిందని తేల్చి, దిద్దుబాటుకి రెండేళ్ళు గడువు పెట్టింది. నన్ను కలవరపెట్టేది ముఠా కాదు. తమ వ్యర్థాలు మార్కెట్ ధరలో కొంత భాగానికే ఎలా మాయమవుతున్నాయో అడగని ఫ్యాక్టరీలు.

దేశాల మధ్య కూడా ఇదే కథ. 1988లో నైజీరియాలోని కోకో రేవులో ఇటలీ విష వ్యర్థాలు బయటపడ్డాయి, మరుసటి ఏడాదే ప్రమాదకర వ్యర్థాలని దేశాల మధ్య తరలించడాన్ని కట్టడి చేసే బాసెల్ ఒప్పందం కుదిరింది. ఒప్పందం ఉండగానే 2006లో ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ నగరం చుట్టూ ఓడ నుంచి దించిన విష వ్యర్థాలు గుమ్మరించారు.

పరుపు

ఫ్యాక్టరీలని అనేముందు నా సంగతి చెప్పాలి. ఒకసారి పాత పరుపు వదిలించుకోవాల్సి వచ్చింది. చెత్త బండి ఎక్కించుకోలేదు. సరైన చోటు ఎక్కడో కనుక్కుంటే దూరం, పైగా బండి మాట్లాడుకోవాలి. ఆ సాయంత్రం వీధిలో వెళ్తున్న ఒకతను తీసుకెళ్తానన్నాడు. అడిగినంత ఇచ్చేశాను. ఎక్కడికి తీసుకెళ్తావని అడగలేదు. అడిగితే అతను ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చేది, నేను అది నమ్మినట్టు నటించాల్సి వచ్చేది.

ఇలాంటివాళ్ళ కోసం ప్రభుత్వాలు చేయగలిగింది ఒకటుంది, అది జరిమానా కన్నా చవక. సరైన దారిని తేలిక చేయడం. ఇంగ్లండ్‌లో ఇంటి చిన్న చిన్న మరమ్మతుల చెత్త మీద స్థానిక ప్రభుత్వాలు వేసే రుసుముని 2023 డిసెంబరు 31 నుంచి ఆపేశారు. నాలుగు వారాల్లో నాలుగుసార్లు, ప్రతిసారీ 50 లీటర్ల సంచులు రెండు, ఉచితంగా తెచ్చి వేయొచ్చు. బాత్‌రూమ్ టైల్స్ మార్చుకున్న మనిషికి ఇక దొంగచాటుగా వేయాల్సిన పని లేదు. టిప్పర్‌లో వచ్చేది మాత్రం రెండు సంచులు కాదు.